టమ్మీ టక్ కోసం సికింద్రాబాద్‌కు: ఈతకల్లు వల్ల ఒక రోజు ఆలస్యం

కిందటి ఎండాకాలం ఆర్టీసీ బస్సులో ఒకావిడ లేచి నాకు సీటిచ్చింది. "ఎన్నో నెల బిడ్డా?" అని అడిగింది. "ఆరో నెల" అనేశాను. నా కవలలు అప్పటికి రెండో తరగతి. సిద్దిపేటలో దిగేసరికి ఏడుపు రాలేదు గానీ ఒళ్లు మండిపోయింది. కాన్పు తర్వాత పొట్ట కండరాలు రెండు పక్కలకూ విడిపోయి, చర్మం కిందికి వేలాడింది. నడిచాను, కొర్రన్నం తిన్నాను, బరువు తగ్గాను. పొట్ట మాత్రం నన్ను వదల్లేదు. బ్లౌజులు కుట్టడం నా పని. మిషను ముందు గంటసేపు కూర్చుంటే నడుం పట్టేసేది. ఊళ్లో ఆడవాళ్ల నడుం కొలతలన్నీ తీసేదాన్ని, నాది తీసుకోవడం మాత్రం ఎప్పుడో మానేశాను.

నేనూ, నా భర్త రమేశూ సికింద్రాబాద్‌లో ఒక ప్లాస్టిక్ సర్జన్‌ను కలిశాం. టమ్మీ టక్ అంటే విడిపోయిన కండరాలను కుట్టి, వేలాడే చర్మం తీసేయడమేననీ, ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదనీ, ఇక పిల్లలు వద్దనుకున్నాకే చేయించుకోవాలనీ ఆవిడ ముందే చెప్పేసింది. పరీక్షలు, మందులు, గది అన్నీ కలిపి రెండు లక్షల లోపు అయింది. ఆసుపత్రిని బట్టి మారుతుంది. రమేశ్ సరేనన్నాడు. మామయ్య మాత్రం నాతో మాట్లాడటం మానేశారు. ఆయన ఈతచెట్లు గీస్తారు, మొదటినుంచీ మితభాషి. అయినా కోడలు పెట్టిన చాయ్ చల్లారేదాకా ముట్టకపోవడం మితభాషిత్వం కాదు, అలకే. నేనూ తక్కువ తినలేదు, బతిమాలలేదు.

చలికాలం చూసుకుని బయల్దేరాం. ఆపరేషన్ తర్వాత వారాల తరబడి పొట్టకు బిగుతు పట్టీ ఉంటుంది, ఎండల్లో అది నరకం. పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి, తెల్లవారుజామున ఐదింటికి కారు మాట్లాడుకున్నాం, రానూపోనూ నాలుగు వేలు. తీరా ఎక్కబోతుంటే మామయ్య ముంతతో వచ్చారు. అప్పుడే చెట్టు దించిన కల్లు.

"తాగు బిడ్డా. కడుపుల సల్లగుంటది" అన్నారు.

రెండు నెలల తర్వాత నాతో ఆడిన మొదటి మాట అది. ముంత అందుకున్నాను. రాత్రి నుంచి ఏమీ తినొద్దన్న సంగతి నాకు తెలుసు. కానీ మా ఇంట్లో పొద్దుటి కల్లు పరిగడుపునే తాగుతాం, దాన్ని ఎవరూ తిండి కింద జమకట్టరు. తాగేశాను. "నేను గూడ వస్త" అంటూ ఆయన ముందు సీట్లో కూర్చున్నారు.

కుకునూరుపల్లి దాటి, ప్రజ్ఞాపూర్, శామీర్‌పేట మీదుగా రెండు గంటలకు పైగా పట్టింది. డ్రైవర్ కుర్రాడు అద్దంలో చూస్తూ, "అక్కా, వచ్చేటప్పుడు మెత్త తెచ్చుకో. పొట్టకు ఒత్తుకోని పట్టుకుంటే స్పీడ్ బ్రేకర్ల కాడ నొప్పి లేస్తలేదని మొన్నొక అమ్మ చెప్పింది" అన్నాడు. ఆసుపత్రివాళ్లు తెచ్చుకోమన్న సరుకుల జాబితాలో ఈ దిండు సంగతి లేదు.

మత్తు డాక్టర్ వచ్చి, "రాత్రి నుంచి ఏమైనా తీసుకున్నారా?" అని అడిగాడు. లేదన్నాను. పక్కనున్న మామయ్య నిజాయితీగా అందుకున్నారు.

"ఏం తినలే సార్. ఒక ముంత ఈతకల్లు తాగింది, గంతే."

డాక్టర్ పెన్ను మూసేశాడు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుందనీ, ఆపరేషన్ రేపటికి మారుస్తున్నాననీ చెప్పి వెళ్లిపోయాడు. రమేశ్ తల పట్టుకున్నాడు. మామయ్య మొహంలో నెత్తురు లేదు.

"నా చేతులతోనే చంపుకుంటుంటినా?" అన్నారు. కుర్చీలో కూర్చుని, "మీ అత్త గూడ నడుచుకుంటనే దవాఖానకు పోయింది బిడ్డా. కడుపు ఆపరేషన్‌కే. మల్ల రాలే. గందుకే నీతోని మాట్లాడ చాతగాలే" అన్నారు.

నేను పెళ్లయి వచ్చేనాటికే అత్తయ్య లేరు. ఎలా పోయారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అలక అనుకున్నది భయం. ఆయన చేయి పట్టుకుని నేను చాలాసేపు ఏడ్చాను.

ఆ సాయంత్రం సర్జన్ ఆయన ఎదురుగా కూర్చుంది. మామయ్య అడగని ప్రశ్న లేదు. ఎంతసేపు? మూడు గంటల పైచిలుకు. ఎక్కడ కోస్తరు? పొత్తికడుపు కింద, ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా. ఆమెకేమన్న అయితే? రక్తం గడ్డకట్టడం, చీము పట్టడం వంటివి అరుదుగా జరగొచ్చు, అందుకే త్వరగా నడిపిస్తాం. "అబద్ధం చెప్తలేదు ఈ డాక్టరమ్మ" అని మామయ్య నా వైపు తిరిగారు. "పో బిడ్డా. చేపిచ్చుకో."

మర్నాడు ఆపరేషన్ బాగా జరిగింది. లేచేసరికి పొట్ట మీద ఇటుకలు పేర్చినట్టు బిగుతు, రెండు పక్కలా నీరు లాగే గొట్టాలు. సాయంత్రమే నడిపించారు. నిటారుగా కాదు, ముసలమ్మలా నడుం వంచుకుని. దగ్గితే చుక్కలు కనిపించాయి. మూడో రోజు ఒళ్లో మెత్తతో, బండి మెల్లగా నడిపించుకుంటూ ఇంటికొచ్చాం. గొట్టాలు వారం తర్వాత తీశారు. మూడు వారాలకు మిషను ముందు కూర్చున్నాను, ఆరు వారాల దాకా బిందె ఎత్తలేదు. ఆ బిందెలన్నీ మామయ్యే మోశారు.

ఇప్పుడు మూడో నెల. వాపు పూర్తిగా తగ్గలేదు, మచ్చ ఎర్రగానే ఉంది, బొడ్డు కింద ఇంకా తిమ్మిరి. కానీ నడుం నొప్పి పోయింది. నిన్న చీర కుచ్చిళ్లు దోపుకుని అద్దం ముందు నిలబడితే నాకు నేనే ముద్దొచ్చాను. అందం కోసం ఇంత కోతా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: అవును, అందం కోసం కూడా.

వెళ్లబోయేవాళ్లకు ఒక్క సలహా. ఇంట్లో వద్దంటున్నవాళ్లు ఎవరో, మొదటిసారి డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడే వాళ్లను వెంట తీసుకెళ్లండి. నేను ఆ పని చేసి ఉంటే ఒక ముసలాయన రెండు నెలల పాటు ఒంటరిగా భయపడేవాడు కాదు.