ముందు ఆపినవాళ్లు ఓడినట్టు

“ఆ కట్టెల అడితిలో ఎప్పుడో ఒకరోజు రంపం మనిషిని కోస్తుంది. చూస్తూ ఉండు, అది నా కళ్ల ముందే జరుగుతుంది.”

కట్టెలు తేవడానికి బయల్దేరిన ప్రతిసారీ అతను భార్యతో అనే మాట ఇది. కెమిస్ట్రీ చదువుకుని నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాడు. కూతురు పుట్టినప్పటి నుంచి ఏ వస్తువును చూసినా అది ఎవరిని ఎలా చంపగలదో ముందు తోస్తుంది. అలాంటప్పుడు కట్టెలు ఇంకోచోట కొనమనేది భార్య. ఎలా కొంటాడు? ఆ అడితి పిన్నిది.

పిన్నంటే అతని తల్లికి చెల్లెలు. కొనేవాళ్లంతా ఆమెను రంపం పిన్ని అంటారు. భుజాలు మొద్దుల్లా ఉంటాయి, గొంతు మొద్దుల్ని చీల్చేలా ఉంటుంది. కట్టుకున్నవాడు ఏడాది తిరక్కుండా చెవులు మూసుకుని పారిపోయాడని ఆమే చెప్పి ఆమే నవ్వేది. తూకంలో మోసం చేశావన్న ఒకడి స్కూటరు సీటు మీద గొడ్డలి దింపి, ఇప్పుడు తూచుకో అన్న మనిషి ఆమె.

ఆమెతో కలిసి అడితి నడిపేది తమ్ముడు, అంటే అతని మేనమామ. మావయ్య మోటారు రంపంతో దుంగలు కోస్తాడు. పిన్ని ఆ ముక్కల్ని చీల్చే మిషనులో పెట్టి కట్టెలు చేస్తుంది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. గేటు తీసింది మొదలు తిట్టుకుంటూనే ఉంటారు. అందులో వింతేమీ లేదు. మిషన్లు ఆపకుండా తిట్టుకోవడమే వింత. ఆమె ఒక మాటంటే అతను రంపం రేజు పెంచి ఆ మాటను ముంచేస్తాడు. ఆమె లివరు నొక్కి ఫెళ్లుమని ఒక మొద్దును పగలగొట్టి జవాబు చెబుతుంది. మధ్యలో ఎవరు మిషను ఆపితే వాళ్లు ఓడినట్టు. కట్టెల కోసం వచ్చినవాళ్లు నిలబడి పందేలు కాసేవారు.

ఈ పద్ధతి వాళ్ల నాన్న పుణ్యం. అప్పట్లో మోటార్లు లేవు. పొడుగాటి రంపానికి ఆ కొసన అక్క, ఈ కొసన తమ్ముడు. అరచేతులు బొబ్బలెక్కి ఎవరు ముందు పిడి వదిలితే వాళ్ల వీపు మీద పచ్చి బెరడు పట్టీ చెళ్లుమనేది. తోలు లేచి చొక్కా అంటుకుపోయేది. ఆ సంగతి కూడా పిన్ని అక్క కొడుక్కి నవ్వుతూనే చెప్పింది.

“నేను వదిలితే నా వీపు, నేను వదలకపోతే వాడి వీపు. ఎవరి వీపు వాళ్లకి ముద్దు కదరా.”

తండ్రి పోయాడు. ఆ రంపమూ తుప్పుపట్టి పోయింది. వీపులు మాత్రం ఏదీ మరచిపోలేదు.

ఆ ఏడు చలి ముదిరాక అతని ఇంట్లో ఇనప పొయ్యి పొగ కక్కడం మొదలుపెట్టింది. గొట్టం దులిపినా అంతే. పాప దగ్గి దగ్గి కళ్లు ఎర్రగా చేసుకుంది. కిటికీ తెరిస్తే చలి భయం, మూస్తే పొగ భయం. చివరికి పాపను చంకనెత్తుకుని, కొసల నుంచి నురగ కారుతున్న సగం కాలిన కట్టెను సంచిలో వేసుకుని అడితికి వెళ్లాడు.

పిన్ని మిషను దగ్గరే ఉంది. పాప కళ్లు చూసింది. కట్టెను చెంపకు ఆనించుకుంది. చల్లగా తగిలింది. రెండు వేసవులు ఎండబెట్టిన కట్టెల వామి వైపు నడిచి పైవరుస లాగి చూస్తే కింద అంతా పచ్చిదే. పైవరుస తప్ప ఎండుకట్టె మొత్తం మావయ్య ఇటుకల బట్టీకి తోలేసి, మొన్న కొట్టిన చెట్టును ఆ వరుస కింద సర్దాడు. అక్కకు చెప్పలేదు.

దుంగలు లాగే కొక్కెం తీసుకుని ఆమె తమ్ముడి మీదికి వెళ్లింది. తన మిషను ఆపలేదు. ఆపితే ఓడినట్టు కదా.

“పసిదానికి పొగ పెడతావట్రా, దొంగ వెధవా?”

మావయ్య రేజు పెంచాడు. దుంగలోకి దిగిన రంపం పొట్టును ఆమె ముఖం మీదికి చిమ్మింది. ఆమె చెవిలోకి వంగి మళ్లీ అరిచింది. వినపడటం లేదన్నట్టు అతను గడ్డం ఎగరేసి నవ్వాడు. ఆపండి ఆపండి అని అక్క కొడుకు వెనక నుంచి అరుస్తున్నాడు. ఆ గోలలో అతని గొంతు దోమపాటి. పిన్ని కొక్కెం ఎత్తి, కోస్తున్న దుంగలోనే దించి, బలంకొద్దీ తనవైపు గుంజింది.

దుంగ జారింది. మావయ్య తూలాడు. రంపం ముక్కు పక్క మొద్దుకు తగిలి ఒక్కసారిగా ఎగదన్నింది. లేచిన రంపం పక్కకు తిరిగి పిన్ని ఎడమ ముంజేతి మీద పడింది. చేతికి చుట్టిన గుడ్డ, చర్మం, కండ అన్నీ కలిపి లాక్కుని వదిలింది. లోపల తెల్లగా ఎముక కనబడింది, మరుక్షణం అది కూడా కనబడలేదు. నెత్తురు పొట్టులోకి ఇంకి అక్కడంతా ఎర్రటి ముద్దయింది.

అతను పాపను గోడ పక్కన కూర్చోబెట్టి, బెల్టు లాగి పిన్ని మోచేతికి పైన బిగించాడు. పట్టు చాలక మోకాలు ఆనించి మళ్లీ బిగించాడు. నెత్తురు అతని ముఖం మీద చిమ్ముతోంది. తల ఎత్తితే మావయ్య అలాగే నిలబడి ఉన్నాడు. చేతిలో రంపం తిరుగుతోంది. వేళ్లు లివరు మీద బిగుసుకుపోయాయి. నోరు ఇంకా పాత తిట్టునే తిడుతోంది. ఆ రంపంతో ఒక్క అడుగు ముందుకు వేస్తే అక్కా, అక్క కొడుకూ ఇద్దరూ పోతారు.

పిన్ని కుడిచేత్తో అతని కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“నా మిషను ఆపరా.”

అతను బెల్టు కొస ఆమె పళ్ల మధ్య పెట్టి, పరుగెత్తి ఎర్ర బటను గుద్దాడు. చీల్చే మిషను గురక పెట్టి ఆగింది. అడితిలో సగం మోత చచ్చింది. మావయ్య ఉలిక్కిపడి అక్క మిషను వైపు చూశాడు, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. రంపం ఆగిపోయింది. అప్పటికి వినపడింది, గోడ దగ్గర పాప ఎప్పటి నుంచో ఏడుస్తోందని.

వ్యాను మావయ్యే నడిపాడు. వెనక పడుకోబెట్టిన పిన్ని పెదాలు తెల్లబడుతున్నాయి.

“ముందు ఆపింది నేనేరా,” అంది. “ఇంకేం, పండగ చేసుకో.”

“నోరు మూసుకోవే అక్కా.”

“నువ్వు ముయ్యి. రోడ్డు చూడు.”

ఆసుపత్రిలో చెయ్యి తీసేయాల్సి వస్తుందేమోనన్నారు. చివరికి నిలబెట్టారు, రెండు వేళ్లు మాత్రం ముడుచుకోవు. మంచం పక్కన మావయ్య రోజూ కూర్చునేవాడు. మిషను మోత లేకుండా మాట్లాడుకోవడం ఆ ఇద్దరికీ పుట్టి ఎరగని విద్య. మంచినీళ్లు కావాలా అని కూడా అరిచే అడిగేవాడు. నర్సు రెండుసార్లు బయటికి గెంటింది. పచ్చికట్టె సంగతి ఆమె అడిగినప్పుడు మాత్రం అరవలేదు. తల దించుకుని, తప్పయిందన్నాడు. ఏమన్నావు, వినపడలేదు అంది ఆమె. వినపడింది.

ఆమె అడితికి తిరిగొచ్చాక అక్క కొడుకు చూడటానికి వెళ్లాడు. పాపను తీసుకెళ్లలేదు. ఇంట్లో తనూ ఈ మధ్య అరుస్తున్నానని, పాప భయపడుతోందని మాటల్లో చెప్పాడు. భయం ఎక్కువైతే గొంతు కూడా లేస్తోందన్నాడు. పిన్ని కుట్లు పడిన చేతిని ఒళ్లోకి తీసుకుంది.

“ఒరేయ్, ఎవరైనా నీతో మాటకొస్తే ముందు చేతిలో నడిచేదాన్ని ఆపు. ఆ తర్వాత ఎంతసేపు తిట్టుకున్నా ఫరవాలేదు. పసిపిల్ల వచ్చినా అంతే. పసిపిల్ల వస్తే మరీను.”

ఇప్పుడు పాప నాన్నా అని వస్తే అతను మిక్సీ ఆపుతాడు. స్కూటరు తాళంచెవి లాగేస్తాడు. ఆపాకే అడుగుతాడు, ఏంటమ్మా అని.