ఇంకాస్త పైకెత్తండి, ఫాదర్

మా పక్కింటి మాస్టారు పోయారని మంగళవారం పొద్దున నేను ఇక్కడ న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ శివారు టకానిని స్టేషన్లో ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "నాన్న వెళ్ళిపోయారన్నా, నిద్రలోనే" అంది. రైలొచ్చింది, ఎక్కాను, ఆఫీసులో మీటింగుకి కూడా కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆదివారం తొమ్మిదిన్నరకు మాత్రం అలవాటు కొద్దీ కారు తాళాలు తీసి, సంగతి గుర్తొచ్చి, మళ్ళీ కొక్కేనికి తగిలించాను.

ఆయన గుంటూరు దగ్గర మిషన్ స్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఇక్కడ కూతురి దగ్గర ఉండేవారు. ఆ అమ్మాయి నర్సు. ఆదివారాలు డ్యూటీ పడేది కనుక ఆయన్ను చర్చిలో పూజకు తీసుకెళ్ళే పని నాకు అంటుకుంది. నాకు గుడీ లేదు, చర్చీ లేదు. వెనక బెంచీలో ఆయన పక్కన కూర్చుని ఫోన్ చూసుకునేవాణ్ణి.

మాస్టారు మనిషి పొట్టి. ముందు వరసల్లో తాటిచెట్లలాంటి కివీలు. ఫాదర్ అప్పాన్ని, క్రీస్తు శరీరమైందని వాళ్ళు నమ్మే ఆ పల్చటి రొట్టెబిళ్ళని, పైకెత్తే వేళకి ఈయన మునివేళ్ళ మీద లేచి, ఆ భుజాల సందులోంచి చూసేవారు. "ఎలాగూ తర్వాత వెళ్ళి నోట్లో వేసుకుంటారు కదా మాస్టారూ, ఈ సర్కస్ ఎందుకు?" అన్నానొకసారి, తిరిగొస్తూ.

ఇక దారంతా పాఠమే. "మధ్యయుగాల్లో, ఐరోపా చర్చిల్లో, మామూలు జనం ఆ అప్పాన్ని సత్ప్రసాదంగా ఏడాదికోసారి తీసుకుంటే గొప్ప. మిగతా రోజులు చూడ్డమే బాబూ. కనబడకపోతే వెనకనుంచి 'ఇంకాస్త పైకెత్తండి, ఫాదర్' అని కేకలేసేవాళ్ళట."

"తిరుపతిలో మా అమ్మలాగన్నమాట."

"మరి! దర్శనం మీ సొంతమనుకున్నావా?"

అద్భుతాల కథలూ చెప్పేవారు. ఏదో మఠంలో ఒక సన్యాసికి ఇది ఉత్త రొట్టేనేమోనని సందేహం వచ్చిందట. ఆ క్షణమే చేతిలోని అప్పం మాంసమై రక్తం కారిందట. "మీరు నమ్ముతారా?" అన్నాను. "చరిత్ర మాస్టార్ని, నన్ను రుజువడక్కు. కానీ చూడు, నమ్మినవాళ్ళు అంతమంది ఉండగా, అనుమానప్పక్షి చేతిలోనే జరిగిందని రాసుకున్నారు" అని నావైపు చూసి నవ్వారు. అంతకుమించి నన్ను మార్చాలని ఎన్నడూ చూడలేదు. అందుకే నాకాయనంటే ఇష్టం.

ఆయన పోవడానికి ఐదు రోజుల ముందు స్ట్రోక్ వచ్చింది. ఒక పక్క పడిపోయింది. మాట పోయింది, మింగడం పోయింది. నోట్లో చుక్క నీళ్ళు కూడా వెయ్యొద్దన్నారు. "సత్ప్రసాదం తీసుకోకుండా పోతానేమోనని నాన్నకి ఎప్పుడూ అదే భయమన్నా" అంది కూతురు. చిన్న తునకైనా కుదరదని నర్సుగా ఆమెకే బాగా తెలుసు.

ఆస్పత్రికి ఫాదర్ వచ్చారు. కనీసం చూపిద్దామని అప్పాన్ని తన ఛాతీ దగ్గర పట్టుకుని నిలబడ్డారు. మంచం కమ్మీ అడ్డం. మాస్టారి కళ్ళు వెతుకుతున్నాయి.

"ఇంకాస్త పైకెత్తండి, ఫాదర్" అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను. ఆ మాట ఎక్కడిదో ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ఫాదర్ చేతులు పైకి లేచాయి. మాస్టారి గడ్డం కూడా లేచింది. దుప్పటి కింద, పడిపోకుండా మిగిలిన ఆ ఒక్క కాలు, మునివేళ్ళ మీద నిలబడుతున్నట్టు నిటారుగా సాగింది.