దుకాణపోళ్ల పిల్ల తూకం

పిల్లల కడుపుల గురించి ఏళ్ల తరబడి చదువుకున్న డాక్టర్లంతా ఒక ఎక్స్‌రే చుట్టూ మూగి చెమటలు తుడుచుకున్న రోజు ఒకటుంది. ఆ చెమటలు పట్టించింది నేనే. చదివాక నన్ను తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోండి, కానీ మీ ఇంట్లో పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరిగినప్పుడు మీ బుర్ర ఎంత సరిగ్గా పనిచేసిందో ఒకసారి గుర్తు చేసుకుని మరీ తిట్టండి.

మాది నారాయణపేటలో కిరాణా దుకాణం. పుట్టింట్లో దుకాణం, అత్తింట్లో దుకాణం. నాకు మాటల కంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ చెబుతుంది. ఆటో ఆయన కిరాయి చెప్పడానికి నోరు తెరవగానే "జర ఎక్కువైందన్నా" అనేస్తాను. ఆయన ఇంకా ఏమీ చెప్పి ఉండడు.

అట్లాంటి నాకు ఒక్కతే బిడ్డ, లాస్య. అప్పటికి బడిలో కొత్తగా చేరింది. ఆ ఎండాకాలం నుంచి రోజూ కడుపునొప్పి. అన్నం పెడితే మూతి తిప్పేది, కాసేపటికి కడుపు పట్టుకుని ముడుచుకునేది. చేతులు అగరువత్తుల్లా అయిపోయాయి. దుకాణానికి వచ్చినవాళ్లు సరుకు కట్టించుకుని, పోతూ పోతూ ఒక మాట వదిలి పోయేవాళ్లు.

"ఏందమ్మా, దుకాణం నిండ సరుకున్నది, పిల్లకు తిండి పెడ్తలేవా?"

నవ్వేదాన్ని. వాళ్లు వెనక్కి తిరగగానే గుండె చక్కెర బస్తా అంత బరువయ్యేది. బిడ్డకు లోపల ఏదైనా పెద్ద జబ్బుందేమోనని భయం. ఆ భయాన్ని ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందేమోనని ఇంకో భయం.

అప్పుడే తెలిసింది, మహబూబ్‌నగర్‌లో 'పిల్లల జీర్ణకోశ, కాలేయ, పోషకాహార వైద్యుల సంఘం' వాళ్లు సభ పెట్టుకుంటున్నారనీ, పక్కనే పిల్లలకు ఉచిత శిబిరం ఉందనీ. మా బస్టాండు దగ్గర కట్టిన బ్యానర్ మీద సంఘం పేరు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. చదవడం పూర్తయ్యేసరికి పొద్దున తిన్న ఉప్మా అరిగిపోయింది.

అయితే బయలుదేరే ముందు రోజు పక్కింటావిడ ఒక నిప్పు నా చెవిలో వేసింది.

"బరువు తక్కువున్న పిల్లలను గాడనే పట్టుకుంటరట అక్కా. పట్నం దవాఖానల భర్తీ చేస్తరట. నెలల కొద్ది పంపరట."

ఎవరు చెప్పారని నేను అడగలేదు. సరుకైతే వాసన చూసి, చేతిలో నలిపి, నోట్లో వేసుకుని గానీ కొనను. ఈ మాటను మాత్రం కనీసం విప్పి చూడకుండా ఇంటికి తెచ్చుకున్నాను.

తూకంతో బతికే ఇంట్లో పుట్టినదానికి తూకం గురించి ఒకళ్లు నేర్పాలా? లాస్యకు జేబుల గౌను వేశాను. కుడి జేబులో అరకిలో రాయి, ఎడమ జేబులో అరకిలో రాయి. రెండు జేబుల మూతులూ దారంతో కుట్టేశాను. పిల్ల నడుస్తుంటే నీళ్ల బిందె మోస్తున్నట్టు ఊగుతోంది.

"అమ్మా, గౌను బరువున్నది."

"కొత్త గౌను అట్లనే ఉంటది బిడ్డా. సప్పుడు చెయ్యకు."

తోడుగా మా అమ్మ వచ్చింది. బస్సులో లాస్యను తన ఒళ్లోనే కూర్చోబెట్టుకుంది. నన్ను ముట్టనివ్వలేదు. మనవరాలి మీద ప్రేమ అనుకున్నాను.

శిబిరంలో నర్సమ్మ పిల్లను మిషన్ ఎక్కించింది. నా గుండె మిషన్ ముల్లు కంటే ఎక్కువ ఊగింది. "మంచిగుంది" అంది నర్సమ్మ. గెలిచాను! లోపలి నుంచి ఈల వేయాలనిపించింది.

ఆ గెలుపు చిన్న డాక్టరు బల్ల దాకా కూడా నిలవలేదు. ఆ అబ్బాయి మా ఊరి డాక్టరు రాసిన పాత చీటీ చూశాడు. కొత్త బరువు చూశాడు. లాస్య చేయి పట్టుకుని చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"చేతులు ఇంత సన్నగున్నయి. నెల తిరగకముందే ఇంత బరువెట్ల పెరిగింది? కడుపుల నీరు చేరుతుందా?"

నీరా! తెలివైన ఆడదైతే అక్కడే నిజం చెప్పేసేది. నేనేం చేశానో తెలుసా? బేరానికి దిగాను.

"అంత పెరగలేదేమో సారూ. మీ మిషనే జర ఎక్కువ చూపిస్తుందేమో. కొంత తగ్గించి రాసుకోండి."

"తగ్గించి రాసుడేందమ్మా?"

"పాత బరువు మీరు వద్దంటున్నరు, కొత్త బరువు మీకు నచ్చుతలేదు. నడుమ ఏదో ఒకటి అనుకుందాం సారూ."

"బరువు ఎవరన్నా అనుకుంటరామ్మా!" అంటూ పిల్లను పడుకోబెట్టి పొట్ట నొక్కాడు. మొహం ముడిచాడు. "గట్టిగున్నది. ఎక్స్‌రే తీద్దాం."

బయట ఎక్స్‌రే బండి ఉంది. అక్కడి ఆయన గౌను విప్పమన్నాడు. నేనే విప్పి, చుట్టచుట్టి, చంటిపిల్లను హత్తుకున్నట్టు గుండెలకు హత్తుకున్నాను. "మొలతాడు గూడ తీయండి" అన్నాడాయన. మా అమ్మ ఎగిరి ముందుకు దూకింది.

"మొక్కు దారం సారూ, తీయొద్దు! జర పైకి జరుపుత."

దేవుడి మాట వచ్చాక నేను ఊరుకుంటానా? అమ్మ పక్షాన బేరం మొదలుపెట్టాను. "దారమే గద సారూ. దారం ఫొటోల పడతదా? మీరే చెప్పండి." వెనుక వరసలో పిల్లలు ఏడుస్తున్నారు. ఆయన విసుక్కుని సరే అన్నాడు. అమ్మ దారాన్ని పైకి జరిపి, గబగబా వెనక్కి తిప్పి, పిల్లను వెల్లకిలా పడుకోబెట్టింది.

"అవ్వా, ఈపుకు గుచ్చుకుంటాంది!"

"ఏంలే బిడ్డా. దేవుడు గుచ్చుతాండు, ఊకో."

ఎక్స్‌రే చిన్న డాక్టరు చేతికి వెళ్లింది. ఆయన దాన్ని వెలుగుకు పట్టుకుని ఒక్క అరుపు అరిచాడు. పక్క గదిలో సభలో ఉన్న డాక్టర్లు ఒకరి వెనుక ఒకరు పరుగెత్తుకొచ్చారు. కొందరి చేతుల్లో టీ కప్పులు అట్లాగే ఉన్నాయి. నేను వాళ్ల భుజాల మధ్య నుంచి తొంగి చూశాను. నా బిడ్డ కడుపు మధ్యలో, తెల్లగా, గుండ్రంగా, చందమామంత స్పష్టంగా ఒక బిళ్ల.

"మింగింది గుండీ బ్యాటరీ అయ్యుండొచ్చు" అన్నాడొకాయన.

"అయితే టైం లేదు, లోపల కడుపును కాల్చేస్తుంది. అంబులెన్స్ పిలవండి, హైదరాబాద్ పంపుదాం" అన్నారింకొకరు.

చిన్న డాక్టరు నా వైపు తిరిగాడు. "అమ్మా, ఇంట్ల చిన్న బ్యాటరీలు ఉన్నయా?"

ఉన్నాయా అంటే? గల్లా పక్కన అట్టకు గుచ్చి వేలాడదీసి అమ్ముతాం! లాస్య రోజంతా అక్కడే ఆడుతుంది. ఇంక దేవుడితో బేరం మొదలైంది. జన్మలో మొదటిసారి అవతలివాళ్లు ఏమీ అడగకుండానే నేనే పెంచుకుంటూ పోయాను. కొబ్బరికాయ అన్నాను. కాదు, తలనీలాలు ఇస్తానన్నాను. పిల్లవి కాదు స్వామీ, నావే అన్నాను. దేవుడు ఉలకలేదు, పలకలేదు. నేను బేరం నేర్చుకోవాల్సింది ఆయన దగ్గరే.

అప్పుడు జనాన్ని పక్కకు జరుపుతూ ఆ సంఘానికి అధ్యక్షురాలైన పెద్ద డాక్టరమ్మ వచ్చింది. తెల్లటి జుట్టు, నేత చీర. ఎక్స్‌రేను నిదానంగా చూసింది.

"దీని మీద చిన్న బొడిపె ఉంది. బ్యాటరీకి బొడిపె ఎందుకుంటుంది?"

అప్పుడు మా అమ్మ ముక్కు చీదింది.

"డాక్టరమ్మా, మీ కాళ్లు మొక్కుత. పిల్ల అది మింగలే."

అంటూ లాస్య వీపు మీద చేయి పెట్టి, మొలతాడుకు కట్టిన గుడ్డ మూట విప్పి, బల్ల మీద పెట్టింది. మా దుకాణంలో ఏలకులు తూచే ఇత్తడి రాయి!

"బరువు తక్కువుంటే పిల్లను పట్టుకుంటరన్నరమ్మా. జర కలిసొస్తదని నేనే కట్టిన. బిడ్డకు గూడ చెప్పలే."

ప్రాణం లేచొచ్చింది నాకు. లేచొచ్చిన ప్రాణం ఊరికే ఉండొచ్చు కదా? ఉండలేదు. అంతమంది డాక్టర్ల ముందు మా పరువు పోయిందని కోపం తన్నుకొచ్చింది. మా అమ్మ ఎదుటికి వెళ్లి గట్టిగా అరిచాను.

"సిగ్గుండాలె అమ్మా! ఇంత పెద్ద పెద్ద డాక్టర్లను మోసం చేస్తవా? మన బతుకే తూకం, మనమే తూకంల దొంగతనం చేస్తమా?"

అని రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టబోయాను. చేతుల్లో ఉన్న గౌను జారింది. నేల మీద దభీమని పడింది. కుట్లు పుటుక్కుమన్నాయి. ఒక అరకిలో రాయి దొర్లుకుంటూ పోయి, పెద్ద డాక్టరమ్మ చెప్పును ముద్దు పెట్టుకుని ఆగింది. రెండోది టీ కప్పు పట్టుకున్న ఆయన కాళ్ల దగ్గరికి చేరింది.

మా అమ్మ నన్నొక చూపు చూసింది, అట్లాంటి చూపు నా పెళ్లిలో అప్పగింతలప్పుడు కూడా చూడలేదు.

"అల్లుడు గూడ ఏమన్న కట్టిండా బిడ్డా?" అంది.

పెద్ద డాక్టరమ్మ వంగి రాయి తీసి చేతిలో తూచి చూసింది. "తూకం మాత్రం సరిగ్గా ఉందమ్మా. దుకాణంలో మోసం లేదు" అంది. అంతే, గది పగిలిపోయేలా నవ్వులు. చిన్న డాక్టరు ఒక్కడే నవ్వలేదు. పాపం, అంబులెన్స్‌ను వెనక్కి పంపే పనిలో ఉన్నాడు.

నవ్వు ఆగాక నేను అడగాల్సింది అడిగాను. "మరి మా బిడ్డ కడుపుల ఏమున్నదమ్మా?"

ఆమె లాస్యను ఒళ్లోకి తీసుకుంది. "రోజూ దొడ్డికి పోతున్నవా నాన్నా?" లాస్య తల అడ్డంగా ఊపింది. "నొప్పైతది. పోను." "అన్నం ఎందుకు తినవు?" "క్రీం బిస్కట్లు తింట. డబ్బలకెళ్లి నేనే తీసుకుంట."

పెద్ద జబ్బేమీ లేదు. మలబద్ధకం. ఎక్స్‌రే నిండా అదే కనిపిస్తోందట, మా రాయిని చూసి అందరూ దాన్ని మరిచిపోయారట. ఒక సిరప్ రాసి, నీళ్లు, బొప్పాయి, ఆకుకూర పెట్టమంది. తిన్నాక కాసేపు మరుగుదొడ్లో కూర్చోబెట్టమంది. బిస్కట్ల డబ్బా పిల్లకు అందకుండా అటక మీద పెట్టమంది. ఎవరినీ ఎక్కడా పట్టుకునేది లేదని, బరువు తక్కువుంటే ఎందుకు తగ్గిందో వెతకడానికే తూస్తామని చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నోరు జారింది.

"రోజుకు ఒక్క బిస్కట్ అన్న..."

"అమ్మా!" అంది డాక్టరమ్మ. నా జీవితంలో ఒక్క మాటతో ముగిసిన బేరం అదొక్కటే.

మేం బయటికి వచ్చేసరికి వరస ఇంకా గేటు దాకా ఉంది. మైకులో నర్సమ్మ గొంతు వినిపించింది. "పిల్లలను తూకం ఎక్కించే ముందు జేబులు, మొలతాళ్లు అన్నీ ఖాళీ చేయాలె!" తల్లులంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత మొదలైంది చప్పుడు. ఒకామె పిల్లాడి నిక్కరు నుంచి తాళంకప్ప తీసింది. ఇంకొకామె తాళాల గుత్తి. గొర్రెల కాపరి ఒకాయన, ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తూ, కొడుకు చొక్కాలోంచి ఇనుప గంట తీసి భుజాన వేసుకున్నాడు. గంట మోగింది.

ఆ గంట సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. బతికున్నంతకాలం డాక్టరు తూకంలో వేలు పెట్టను, కూతురి బరువుకు ఆవగింజంత కూడా కలపను. ఆ ఒట్టు తప్పలేదు. ఇప్పుడు నా షుగరుకు బరువు తగ్గాలని నన్నే మిషన్ ఎక్కమంటున్నారు. ఎక్కే ముందు చెప్పులు, గాజులు, కళ్లజోడు, చివరికి జడపిన్నులు కూడా తీసేసి, ఊపిరి బయటికి వదిలేసి మరీ ఎక్కుతాను. తీసేయడం గురించి ఒట్టులో ఏమీ లేదు.