పలకల గని చప్పుడు

మార్కాపురం దాటి బస్సు పలకల గనుల పక్కగా పోతున్నప్పుడు, వాన పడి ఉంటే, కిటికీలోంచి తడిసిన నల్లరాతి వాసన వస్తుంది. మొన్న నా పక్కన కూర్చున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది గానీ నేను మాత్రం గుండె నిండా పీల్చుకున్నాను. నా చిన్నతనం ఆ వాసనలోనే ఉంది. మా అవ్వ చెప్పిన ఒక అబద్ధం కూడా.

మాది గిద్దలూరుకు ఇవతల, గడపలో నిలబడితే నల్లమల కొండలు కనిపించే చిన్న ఊరు. మధ్యలో మట్టిబాట, ఇటు పక్క మేము, అటు పక్క వాళ్లు. రెండు వైపుల మగవాళ్లకూ పడేది కాదు. ఎండలు ముదిరి చేలల్లో పని తగ్గిందంటే వాళ్ల నోళ్లు లేచేవి, ఏదో ఒక మధ్యాహ్నం ఊరి చివర నాటుబాంబు ఢామ్మనేది. గూట్లో సత్తుగిన్నెలు గలగలమనేవి, కోళ్లు గంప కిందికి దూరేవి. "ఏందవ్వా అది?" అని అడిగితే మా అవ్వ రోట్లో పచ్చడి నూరడం ఆపకుండానే, "పలకల గనిలో రాయి పేలుస్తా ఉన్నారులే. బడి తెరిచేసరికి మీకు కొత్త పలకలు రావొద్దా?" అనేది. ఎంత పెద్ద చప్పుడైతే అంత పెద్ద పలక అని నేనూ మా చెల్లెలు రాజీ నమ్మి చప్పట్లు కొట్టేవాళ్లం.

చప్పుడు వినిపించిందంటే మాకు పండగే. మా వైపు పిల్లలందరినీ పోగేసి మా ఇంట్లోకి తోసి, గడియ పెట్టి, మేం బయటికి పరిగెత్తకుండా అలసంద వడలో, వేయించిన శనక్కాయలో, బెల్లంపాకం పట్టిన బొరుగుండలో చేసి పెట్టేవాళ్లు. చల్లటి మట్టినేల మీద బోర్లా పడుకుని చింతపిక్కలతో వామనగుంటలు ఆడుతూ, ఓడినవాళ్ల వీపుల మీద గుద్దుతూ, నూనె చేతులు గోడలకు పూస్తూ ఒకటే గోల. మామూలు రోజుల్లో వీపు పగలగొట్టే అమ్మ ఆ రోజు ఏమీ అనేది కాదు. కిటికీ సందులోంచి బాట వైపే చూస్తుండేది. పలకల బండి కోసమనుకునేదాన్ని.

ఒక ఎండాకాలం రాజీ నా పలక మీద కూర్చుని విరగ్గొట్టింది. ఆ మరునాడే చప్పుడైంది. అమ్మా అవ్వా దొడ్లో ఉన్నారు. అందరికంటే ముందు పోతే మంచి ముక్క దొరుకుతుందని రాజీ చెయ్యి పట్టుకుని చప్పుడు వచ్చిన వైపు బాట దాటి పరిగెత్తాను. అటు పక్క అడుగు పెట్టడం అదే మొదలు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. వీధి మధ్యలో ఎవరిదో ఒంటి చెప్పు. గాలిలో దీపావళి నాటి మందు వాసన. ఇంతలో ఇంకొకటి పేలింది, ఈసారి కాళ్ల కింద నేల అదిరింది. రాజీ బిగ్గరగా ఏడుపందుకుంది. పక్కనే ఒక తలుపు సగం తెరుచుకుని, గాజుల చెయ్యి ఒకటి మా ఇద్దరినీ లోపలికి లాక్కుంది.

ఆవిడ ఈశ్వరమ్మ. బోరింగు దగ్గర ఎదురుపడితే మా అమ్మ మొహం తిప్పుకునే మనిషి. చూద్దును కదా, ఆ ఇంటి నిండా అటు పక్క పిల్లలు! మా ఇంట్లోలాగే బోర్లా పడుకుని ఆటలు, మధ్యలో పళ్లెం నిండా నానబెట్టిన బొరుగులతో తాలింపేసిన వేడివేడి ఉగ్గాని.

"ఎవురి పిల్లలే మీరు?" అంది.

"బాటకవతల, ఎంకటమ్మ మనవరాళ్లం."

ఆవిడ తలుపు గడియ బిగించింది. తర్వాత, "కూసోండి, తినండి" అని చెరో గుప్పెడు పెట్టింది.

"పెద్దమ్మా, మీ వైపు కూడా పలకలిస్తారా?" అన్నాను.

"ఏం పలకలు? కొండ మీద దేవుని పెండ్లికి టపాకాయలు కాలుస్తా ఉన్నారు" అంది ఆమె కూతురు.

"కాదు, గని!"

"కాదు, పెండ్లి!"

జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. ఈశ్వరమ్మ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, మా అందరినీ దగ్గరికి పిలిచింది.

"గనీ లేదు, పెండ్లీ లేదు. మీ నాయనోళ్లూ మా ఇంటోళ్లూ కొట్లాడుకుంటా ఉన్నారు. అది బాంబు. తగిలితే సచ్చిపోతారు. నాకూ భయమే. ఇంకోసారి ఇనపడితే ఏ తలుపు దగ్గరుంటే ఆ తలుపు కొట్టండి. ఎవురిల్లని సూడొద్దు."

పెద్దవాళ్లకు భయముంటుందని నాకు అప్పుడే తెలిసింది. విచిత్రం, ఆ మాటతో నా భయం సగం తగ్గింది.

సద్దుమణిగాక ఆవిడే మమ్మల్ని చెరో చేత్తో పట్టుకుని, నడిబాట మీద మా ఇంటికి తీసుకొచ్చింది. గడపలో అవ్వ గుండెలు బాదుకుంటోంది. అమ్మ మమ్మల్ని వాటేసుకుని ఏడ్చింది. విషయమంతా విని అవ్వ, "పిల్లోళ్లకు అబద్ధం చెప్పి సంపుకోబోతి గదమ్మా ఈశ్వరమ్మా" అంది.

"నేనూ చెప్పినాను గదత్తా" అంది ఈశ్వరమ్మ.

ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని నవ్వారు.

ఆ తర్వాత చప్పుడైతే ఏ పిల్లలు ఏ ఇంట్లో దూరేవాళ్లో లెక్కే లేదు. మా ఇంట్లో వాళ్లు, వాళ్లింట్లో మేము. మా వడలు వాళ్లకు, వాళ్ల ఉగ్గాని మాకు. ఆటల్లో జట్లు కూడా కలిసిపోయాయి. తమ పిల్లలు ఏ కప్పు కింద ఉన్నారో తెలియక మగవాళ్లకు బాంబు వెయ్యడానికి చేతులు రాలేదని, అందుకే రెండేళ్లలో చప్పుళ్లు ఆగిపోయాయని అవ్వ చెప్పేది. అంతేనో, ఇంకేమైనా ఉందో నాకు తెలియదు.

ఇప్పుడు అవ్వా లేదు, ఈశ్వరమ్మ పెద్దమ్మా లేదు. బాటకు సిమెంటు పోశారు. పిల్లలు ఎవరింట్లో వాళ్లు సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ భయం మళ్లీ రావద్దు గానీ, ఒక్క గదిలో అంతమంది పిల్లల గోల నేను మళ్లీ ఎక్కడా వినలేదు.

మొన్న ఇదంతా చెబితే మా అమ్మాయి, "ఇంతకీ వాళ్లు ఎందుకు కొట్టుకున్నారమ్మా?" అని అడిగింది. అప్పటికప్పుడు అమ్మకు ఫోన్ చేశాను.

"ఏమోనే. అప్పుడు ఊరందరికీ తెలుసు. ఇప్పుడు ఎవురికీ గుర్తు లేదు."