పేర్లు రాయని ఫొటోలు

మొన్న ప్లెయిన్స్‌బరోలో, మా అమ్మాయి వాళ్ళింట్లో, మా మనవరాలు స్కూల్ కాగితమొకటి పట్టుకొచ్చి, "అమ్మమ్మా, ఫ్యామిలీ ట్రీ ఫిల్ చెయ్యాలి, నీ గ్రాండ్‌మదర్ వాళ్ళ మదర్ నేమ్ ఏంటి?" అని అడిగితే, తెలియదమ్మా అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను గానీ, ఆ పూటంతా నా మనసు వెస్ట్ వర్జీనియా కొండల్లోనే తిరిగింది.

మావారు డాక్టరుగా అక్కడి ఓ బొగ్గుగనుల కౌంటీకి వెళ్ళిన కొత్తల్లో, తెలుగు మాట్లాడుకోవడానికి మేమిద్దరమే కనుక, ఆయన ఆస్పత్రికి వెళ్ళగానే ఏమీ తోచక నేను లైబ్రరీకి నడిచేదాన్ని. అక్కడ వెనక గదిలో కౌంటీ చరిత్ర కాగితాలు చూసుకునే పెద్దావిడ ఒకరుండేవారు. ఏ లోయలోకి ఏ కుటుంబం ముందొచ్చింది, ఎవరి తాత ఏ గనిలో పోయాడు, ఏ కొండమీద ఎవరి పక్కన ఎవర్ని పాతిపెట్టారు, అన్నీ కాగితం చూడకుండా చెప్పేవారు. ఆ ఊళ్ళో అందరూ నన్ను మీది ఏ దేశమని అడిగినవాళ్ళే, "మీ వాళ్ళెవరమ్మా?" అని అడిగింది మాత్రం ఆవిడొక్కరే.

ఆవిడ దగ్గర గని కార్మికుల కుటుంబాల ఫొటోలు నాలుగు అట్టపెట్టెల నిండా ఉండేవి. ఒక్కదాని వెనకా పేరు లేదు. ఆవిడ చెప్పాలి, నేను రాయాలి, అదీ మా ఒప్పందం. మంచు కరిగాక అనుకున్నాం, ఏళ్ళు గడిచి మా అమ్మాయి బడికెళ్ళాక దాని పరీక్షలన్నాను, తరవాత ఇండియా ప్రయాణమన్నాను. "నేనెక్కడికి పోతాను, ఈ కొండలు దాటి ఎప్పుడైనా వెళ్ళానా!" అని నవ్వేవారావిడ.

నేను ఇండియా నుంచి తిరిగొచ్చిన వారానికే ఆవిడకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది, ఒక్క "అవును" తప్ప.

పెట్టెలు మోసుకుని నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాను. ఫొటో చూపించగానే ఆవిడ కళ్ళు వెలిగేవి, పెదవులు కదిలేవి, తీరా బయటికి వచ్చేది "అవును" ఒక్కటే. కౌంటీలోని ఇంటిపేర్లన్నీ వరసగా చదివి చూశాను, ప్రతిదానికీ అవునే. తన నోరు తప్పు చెబుతోందని ఆవిడకు తెలుస్తూనే ఉంది. బాగున్న చేత్తో మంచాన్ని కొట్టేవారు. ఒకనాడు, పసిబిడ్డను చంకనెత్తుకున్న ఓ అమ్మాయి ఫొటో తీసుకుని గుండెకు అదుముకుని ఇక వదల్లేదు.

"మీ అమ్మగారా?"

"అవును."

"అక్కగారా?"

"అవును," అన్నారు, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే.

నేనేం చేయగలను? చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ వేసవిలోనే ఆవిడ పోయారు. ఆ ఫొటోలో ఉన్నదెవరని వాళ్ళ మేనల్లుడు నన్నడిగితే, తెలియదన్నాను. ఆయన దాన్ని అలాగే ఆవిడ చేతుల్లో పెట్టి సాగనంపాడు.

ఇప్పుడు ఆ కౌంటీ కాగితాలన్నీ కంప్యూటర్‌లోకెక్కాయి; పేరు కొడితే చాలు, పుట్టుక నుంచి చావు దాకా క్షణంలో వచ్చేస్తుంది, ఎవరి ముందూ కూర్చోనక్కర్లేదు. మిగిలిన ఫొటోలూ ఎక్కించారు, కింద ఎవరో తెలియదని రాసి. అప్పుడప్పుడూ తెరిచి చూస్తుంటాను. ప్రతి మొహాన్నీ గుర్తుపడతాను, ఒక్క పేరూ చెప్పలేను.