కాదనిపించుకోవాలని అడిగిన జీతం

మొన్న బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చున్నాను. పక్క కుర్చీలో ఒక పెద్దాయన చెవి వెనక వినికిడి మిషన్ వేలితో సర్దుకుంటుంటే అది కుయ్యిమని సన్నగా కూసింది. చెవిలో సరిగ్గా కుదరకపోతే ఆ మిషన్లు అలాగే కూస్తాయి. ఎవరూ తల తిప్పలేదు. నేను మాత్రం నా నంబరు పిలిచినా లేవలేకపోయాను. ఆ కూత నేను మొదటిసారి విన్నది హైదరాబాదులో ఖాదర్ సార్ ఇంట్లో, ఆయన జీతం నెలకు ఇరవై వేలైన కొత్తలో. సార్ పోయి నాలుగేళ్ళు కావస్తోంది. ఆయన గురించి నేనెవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పాలంటే నా గురించి కూడా చెప్పాలి, అదీ తంటా.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో గద్వాలలో మేము పనిచేసేది ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. కింద ఎరువుల దుకాణం, పైన మేము. ఖాదర్ సార్ లెక్కలు చెప్పేవారు. ధరూర్ వైపు మా ఊరి నుంచి ఆటోకు వేలాడుతూ వచ్చి నేను ఆయన దగ్గరే ఇంటర్ చదివాను. డిగ్రీ అయ్యాక ఆయన సిఫారసుతోనే అక్కడ ఫిజిక్స్ చెప్పడానికి చేరాను. జీతం ఏడాదికి పది నెలలే. ఎండాకాలం రెండు నెలలు జీతం ఉండదు గానీ పని ఉంటుంది. పదో తరగతి రాసిన పిల్లల ఇళ్ళు వెతుక్కుంటూ ఊరూరా తిరిగి, మా కాలేజీలో చేర్పించండని తల్లిదండ్రులను బతిమాలాలి. సార్ నాతో వచ్చేవారు గానీ కాలేజీ గొప్పలు చెప్పడం ఆయన వల్ల అయ్యేది కాదు. "పిల్లగానికి లెక్కలంటే భయమా?" అని అడిగి, అక్కడే అరుగు మీద కూర్చుని ఒక లెక్క చెప్పి లేచేవారు. ఆ ఒక్క లెక్కకే పిల్లలు వచ్చి చేరేవారు. పాఠం చెప్పడమంటే ఎదుటివాడి భయం దగ్గర మొదలుపెట్టడమని నేను నేర్చుకున్నది ఆ అరుగుల మీదే.

అంత పేరున్న మనిషి సాయంత్రం నాలుగున్నర కాగానే సైకిల్ ఎక్కేసేవారు. ఎవరు అడ్డం వచ్చినా ఆగేవారు కాదు. ఒకసారి మా కాలేజీ యజమాని సాయంత్రం ఇంకో బ్యాచ్ పెడదామని, నెలకు రెండు వేలు ఎక్కువ ఇస్తానని అన్నాడు. సార్ నవ్వి వద్దన్నారు. నా జీతమే అప్పుడు రెండు వేల ఎనిమిది వందలు. నాకు కడుపు మండిపోయి మెట్ల దగ్గర ఆయనను పట్టుకున్నాను.

"రెండు వేలు సార్! ఎందుకు వద్దంటిరి?"

"నా జీతమెంత, చెప్పు?"

"ఐదున్నర వేలు."

"తప్పు. ఐదున్నర వేలు, ఒక సాయంత్రం. ఆయన రెండు వేలిచ్చి సాయంత్రం తీస్కపోతనంటుండు. నా జీతం పెరిగినట్టా, తగ్గినట్టా?"

లెక్కల సారు కదా, లెక్క సరిగ్గానే చెప్పారు. లోలోపల మాత్రం బతకనేర్వని మనిషి అనుకున్నాను.

ఆ సాయంత్రం ఏమిటో తర్వాత వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూశాను. సార్‌కు ఒక్కతే కూతురు, నూరీ. అప్పుడు ఏడేళ్ళు. పుట్టుకతోనే చెవుడు. పూర్తిగా కాదు, దగ్గరగా గట్టిగా అంటే కొంచెం వినిపిస్తుంది. పదేళ్ళలోపే మాటలు పట్టుబడాలని, అలవాటైన ఒకే మనిషి రోజూ ఎదురుగా కూర్చుని మాట్లాడించాలని, మానేస్తే వచ్చినవి కూడా పోతాయని కర్నూలులో డాక్టరు చెప్పారట. సార్ పడమటి కిటికీ దగ్గర చాప వేసుకుని, తన ముఖం మీద వెలుగు పడేలా కూర్చుని, పిల్ల చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని, ఒకే మాటను వందసార్లు అనేవారు. వాళ్ళింటి మాట ఉర్దూ. 'దర్వాజా' అన్న ఒక్క మాటకు మూడు వారాలు పట్టింది. నూరీ 'దవ్వాజా' అన్న రోజు నేనక్కడే ఉన్నాను. సార్ భార్యను నేను ఆపా అనేవాణ్ణి. ఆపా పిండి చేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. సార్ లేచి వెళ్ళి వీధి తలుపు నాలుగైదుసార్లు తీసి, మూసి, తీసి చూపించారు. పోయేవాళ్ళు ఈయనకేమైందని ఆగి చూశారు. అప్పటికి నూరీకి డెబ్బై పైచిలుకు మాటలు వచ్చు.

మరుసటి ఎండాకాలంలో హైదరాబాదు నుంచి ఒక పెద్ద కాలేజీ మనిషి దిగాడు. రావుగారంటారు. జిల్లాల్లో మంచి లెక్చరర్లు ఎక్కడున్నారో పసిగట్టి ఎత్తుకుపోవడం ఆయన ఉద్యోగం. సార్ కంటే ముందు నన్ను పట్టుకున్నాడు. "మీ సార్ని ఒప్పించి తీసుకురండి. పాతిక వేల దాకా వెళ్ళమన్నారు మావాళ్ళు. ఆయనొస్తే మీకూ ఎనిమిది వేలకి పోస్టు. ఆయన రాకపోతే మాత్రం మిమ్మల్ని తీసుకోలేం, ఏమనుకోకండి" అన్నాడు. ఎనిమిది వేలు! నాకేమీ అప్పుల్లేవు, ఆకలీ లేదు. నాన్న పొలంలో వేరుశెనగ ఏదో పండుతూనే ఉంది. ఊరికే ఎక్కువ కావాలనిపించింది, అంతే. ఇన్నేళ్ళుగా ఇంతకంటే గౌరవంగా చెప్పుకోగల కారణం కోసం వెతికాను. దొరకలేదు.

సార్‌కు విషయం చెప్పాను, పాతిక సంగతి, నా పోస్టు సంగతి తప్ప. ఆయన పరేషాన్ అయిపోయారు. ముఖం మీద వద్దనడం ఆయనకు రాదు. మా యజమాని రోజూ చూసే మనిషి కాబట్టి ఆయనకు నవ్వి వద్దన్నారు. పట్నం నుంచి తన కోసం పనిగట్టుకుని వచ్చిన పెద్దమనిషికి ఎలా చెప్పడం? రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు. రావుగారిని కలవడానికి బస్టాండు దగ్గర హోటలుకు వెళుతూ, సైకిల్ నడిపిస్తూ నాకు చెప్పారు.

"నర్సింలు, ఆయన ఎంత గావాలె అంటడు కదా. ఇరవై వేలు అని చెప్త. ఐదున్నర తీసుకునేటోనికి ఇరవై ఎవడిస్తడు? ఆయనే జర నవ్వుకొని లేచిపోతడు. మనం కాదన్నట్టు ఉండదు, ఆయన మర్యాద ఆయనకుంటది. ఎట్లుంది?"

బస్టాండు ఇంకా నూరు అడుగులుంది. "సార్, ఇరవై అంటే ఇస్తరు, నలభై అనుండ్రి" అనడానికి ఒక్క అడుగు చాలు. నేను, "మంచిగుంది సార్" అన్నాను.

రావుగారు చాయ్ తాగుతూ అడగాల్సింది అడిగాడు. సార్ తల వంచుకుని, తప్పు చేస్తున్నవాడిలా, ఇరవై వేలన్నారు. రావుగారు కప్పు కింద పెట్టి, "అలాగేనండి. మూడేళ్ళ అగ్రిమెంటు. జూన్ ఒకటికల్లా వచ్చేయండి" అని చెయ్యి చాచాడు. సార్ నా వైపు చూశారు. ఆ చూపులో అనుమానం లేదు, తప్పిపోయిన పిల్లవాడు తెలిసిన మనిషి కోసం వెతికే చూపు. నేను గోడకున్న క్యాలెండర్ చూస్తున్నాను. దారిలో, "అడిగింది ఇస్తనన్నంక కాదంటే నాదేం నోరు?" అన్నారు ఒక్కసారే. సాయంత్రానికి గద్వాలంతా తెలిసిపోయింది. ఆపా ఏడ్చింది, సంతోషంతో. పిల్లకు మంచి చెవి మిషన్ కొనొచ్చని.

కొన్నారు కూడా. మొదటి మూడు నెలల జీతంలో మిగిల్చి కొన్నారు. కాలేజీకి దగ్గర్లోనే ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్ తీసుకున్నారు. అయితే ఆ కాలేజీలో ఉదయం ఆరుకు పిల్లలను చదివించడంతో రోజు మొదలై, రాత్రి తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. ఆదివారం పరీక్షలు, సోమవారానికి పేపర్లు దిద్దడం. సార్ వెళ్ళేటప్పుడు నూరీ నిద్రలో ఉంటుంది, వచ్చేసరికి నిద్రపోయి ఉంటుంది. నాకు ఆ లెక్క తెలుసు, నాదీ అదే టైంటేబుల్. కాకపోతే నా కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు.

ఒక మధ్యాహ్నం సార్ మరిచిపోయిన కళ్ళద్దాల కోసం నేను వాళ్ళింటికి వెళ్ళాను. నూరీ చెవిలో మిషన్ కుయ్యిమంది. పిల్ల విసుగ్గా దాన్ని పీకి బియ్యం డబ్బాలో పడేసింది. ఆపా దాన్ని వెతికి తీసి తుడుస్తూ అంది: "దీంట్ల అన్నీ వినబడ్తయి తమ్ముడూ. బండ్లు, కుక్కర్, పక్కింటి టీవీ. ఆళ్ళ అబ్బా గొంతొక్కటే వినబడదు. నేను చెప్తే నా మొఖం చూడదు, దర్వాజా దిక్కే చూస్తది. నేనేం చెయ్యాలె?" నేను కళ్ళద్దాలు తీసుకుని గబగబా మెట్లు దిగాను. సార్‌కు ఈ మాట చెప్పలేదు. ఆయనకు తెలియదని కాదు. స్టాఫ్ రూములో అద్దాల వెనక కళ్ళు మూసుకుని, పెదాలు మాత్రం కదుపుతూ ఆయన కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. లెక్క చేసుకుంటున్నారని అందరూ అనుకునేవారు.

మూడేళ్ళు. అగ్రిమెంటు గడువు తీరిన రోజునే సార్ సామాను కట్టుకుని గద్వాల వెళ్ళిపోయారు. నేను ఉండిపోయాను, నా జీతం అప్పటికి పద్నాలుగు వేలు. తర్వాతి ఏడాది దసరా సెలవుల్లో చూడటానికి వెళ్ళాను. అదే ఇల్లు, అదే కిటికీ, అదే చాప. నూరీకి పన్నెండో ఏడు. సార్ ఎదురుగా కూర్చుని ఆమె చెయ్యి తీసి గొంతు మీద పెట్టుకున్నారు. ఆమె మర్యాదగా కాసేపు ఉంచి, తీసేసుకుని, కుట్టుపనిలో పడింది. డెబ్బై మాటల్లో ఐదో ఆరో మిగిలాయట, అవీ ఆపాకు మాత్రమే అర్థమవుతాయి. "ఇప్పుడు నాకు సాయంత్రాలు చానా ఉన్నయి నర్సింలు" అన్నారు సార్.

ఆ మాటకు నేను ఆగలేకపోయాను. "సార్, పాతిక దాకా ఇస్తరని నాకు ముందే తెల్సు. మీరు ఇరవై అడుగుతనన్నప్పుడు తెలిసే ఊకున్న. మీరొస్తేనే నాకు పోస్టు అన్నడు" అన్నాను. ఏడుస్తున్నాను కూడా.

సార్ "గట్లనా" అన్నారు. తర్వాత, "నువ్వు చెప్పుంటే ముప్పై అడుగుతుంటి. ముప్పైకీ సరే అంటే? వద్దనుకునేటోడు వద్దంటడు నాయనా. ఇరవై వేలని నోటికెందుకొస్తది? నాకూ యాడ్నో ఆశుండె. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్న. నువ్వు అది మోసుకోని తిరగకు" అన్నారు.

అది నిజమో, నా బరువు దించడానికి అన్నారో నాకు నేటికీ తెలియదు. నిజమే అనుకుంటే కొన్నాళ్ళు నిద్ర పడుతుంది. మళ్ళీ ఆ నూరు అడుగులు గుర్తొస్తాయి. ఆయన పోయినప్పుడు జనాజాకు నేను వెళ్ళలేకపోయాను. ఆ రోజు మా కాలేజీ ఫలితాలు వచ్చే రోజు.

ఇప్పుడు కొత్త లెక్చరర్లను తీసుకునే కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. పోయిన మే నెలలో వనపర్తి నుంచి ఒక కెమిస్ట్రీ లెక్చరర్ వచ్చాడు. మాటల మధ్య రెండుసార్లు గోడ గడియారం చూశాడు. మీరెంత ఆశిస్తున్నారని అడిగాను. నేను ఇవ్వగలిగిన దానికంటే కొంచెం తక్కువే చెప్పాడు గానీ, ఊళ్ళో ఆయనకొస్తున్న దానికది నాలుగింతలు. చెప్పి, నా జవాబు వినకుండానే సంచి భుజానికి తగిలించుకుని లేచాడు. అతను ఎందుకంత అడిగాడో ఈ భూమ్మీద నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అంత ఇవ్వలేమండీ అంటే చాలు.

"ఇస్తాం" అన్నాను.

అతను సంచి తీసి, మళ్ళీ కూర్చున్నాడు.