బల్లకు పెట్టిన గవాచి

పోయిన వారం పాత సామాన్లు కొనే అతను వచ్చి నా కంప్యూటరు బల్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. పైపలకలో గుండ్రటి బొక్క కనబడగానే వేలు దూర్చి, "ఏం సార్, మీ ఇంట్లో ఎలకలు ఇంత గుండ్రంగా కొరుకుతాయా?" అన్నాడు. నవ్వాను. నవ్వాక ఎందుకో బల్ల అమ్మనని చెప్పాను. అతను గొణుక్కుంటూ పోయాడు. ఇంట్లో మళ్ళీ నేనొక్కణ్ణే మిగిలాను.

ఆ బొక్క మా ఆవిడ చలవ. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బేతంచెర్లలో సైన్సు అయ్యవారిని. మా వీధి చివర బండలు పాలిష్ పట్టే మిషన్లుండేవి. ఆ తెల్లపొడి ఆరేసిన బట్టల మీదా, పెరుగుగిన్నె మూత మీదా, చివరికి నా మీసాల మీదా పడేది. దానికీ నాకూ బద్ధవైరం. అప్పటికి పదమూడేళ్ళ కిందట, ఆ ఇంట్లో చేరగానే కిటికీలన్నీ మూయించాను. వంటింటి మిద్దెకు గాలీ వెలుతురూ దిగడానికి ఒక గవాచి ఉండేది. దాని మీద కూడా బండ కప్పించాను. ఆమె తాలింపు పెడితే ఇల్లంతా తుమ్ములే. "ఆ బండ తీయించు సారూ, ఊపిరాడకుండా ఉండాది" అనేది. ఊరంతా నన్ను సారూ అంటుందని ఆమె కూడా ఎగతాళికి అట్లాగే పిలిచేది. "ఈ ఎండాకాలం పోనీ" అనేవాణ్ణి. మా ఊళ్ళో ఎండాకాలం ఎప్పుడు పోయింది గనక!

ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవడానికి కంప్యూటరు కొన్నప్పుడు కూడా అదే బుద్ధి. పొడి పడుతుందని తలుపులున్న బల్ల చేయించి, దాని డబ్బాను లోపల పెట్టి మూసేశాను. అరగంటకల్లా వేడెక్కి ఆగిపోయేది. టైపు చేసిందంతా గంగలో కలిసేది. బల్ల మీద తడిగుడ్డ పరిచాను. తోటి మాస్టరు చెప్పాడని టెంకాయ కూడా కొట్టాను. చివరికి వెనక పలకకు అడుగున వరసగా బెజ్జాలు వేశాను. అయినా ఆగింది. అప్పుడు ఆమె వచ్చి పైపలక మీద అరచెయ్యి ఆనించింది. "పెనం మాదిరి కాల్తాండాది. కింద దూరిన గాలి యాడికి పోవల్ల? దీనికి గవాచి యాడ పెట్టినావు?" అంది.

వేడిగాలి పైకి పోతుందని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే మనిషిని నేను. సిగ్గుతో తల దించుకున్నాను. ఏడో తరగతితో బడి మానేసిన ఆమె, పలక మీద చెంబు బోర్లించి చుట్టూ గీత గీసింది. ఆ గీత వెంబడి కోసి సన్న జాలీ బిగించాను. ఆ సాయంత్రం కంప్యూటరు ఒక్కసారి కూడా ఆగలేదు. బొక్కలోంచి వచ్చే వెచ్చటి గాలికి ఆమె చెయ్యి అడ్డం పెట్టి చాలాసేపు తియ్యలేదు. తరవాత నా వైపు చూడకుండానే, "నీ డబ్బాకు వారంలో గవాచి పెడ్తివి. నా గవాచి మీద బండ ఎప్పుడు తీస్తావు సారూ?" అంది.

"ఈ ఎండాకాలం పోనీ" అన్నాను. ఆమె మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. సర్దుకుందిలే అనుకున్నాను.

మూడేళ్ళ తరవాత నాలుగు రోజుల జ్వరంతో పోయింది. పదకొండో నాడు వంటకు వచ్చినవాళ్ళు ఆ గదిలో నిలవలేకపోయారు. "ఇంత ఉడుకులో ఎట్ల వండుతాండ్రి సామీ!" అంటూ ఒకతను మిద్దెక్కి, గడ్డపారతో బండను పక్కకు నెట్టాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పళ్ళెమంత ఎండ వంటింట్లోకి దిగింది. దుఃఖం అప్పుడొచ్చింది నాకు, అంతవరకూ రానిది.

ఆ గవాచి ఇప్పటికీ తెరిచే ఉంది. పొడి పడుతుంది, బుద్ధి పుడితే తుడుస్తాను. పొద్దున గోడ మీద పడ్డ ఎండ మెల్లగా దిగి, మధ్యాహ్నానికి ఆమె నిలబడే చోటికి వస్తుంది. ఆ కాసేపు నేనక్కడ అడుగు పెట్టను. రెండు నిమిషాల పనిని పదహారేళ్ళు వాయిదా వేసినవాణ్ణి. ఇప్పుడు నాకు పొద్దే పోదు.